మెత్తలు తెమ్మంటే

బాల్కనీ గోడ మీద ఎండకు వేసిన పాత మెత్త వాసన పొద్దున్నుంచీ ఇల్లంతా తిరుగుతోంది. ఎండిన ఆకులు, ఉతికి ఉతికి పలచబడ్డ గుడ్డ, కొంచెం దుమ్ము, వాటన్నిటి వెనుక ఎక్కడో సన్నని తీపి. బూరుగు దూది వేడెక్కితే వచ్చే ఈ వాసనను మంచిర్యాలలో, రైలు పట్టాలకు ఎదురుగా ఉన్న మా మూడో అంతస్తులో, నేను తప్ప గుర్తుపట్టేవాళ్లు లేరు. ఆ మెత్త మా రూతత్తది. రూతత్త మా బాపు చెల్లెలు, నాకు మేనత్త. ఆయాసం ఎక్కువై డాక్టరుకు చూపించుకుందామని మొన్న ఇచ్చోడ నుంచి మా ఇంటికి వచ్చింది. మందుల సంచి ఇంట్లో మరిచిపోయింది గానీ మెత్తను మాత్రం చంకలో పెట్టుకునే బస్సు దిగింది.

తలగడను మా వైపు మెత్త అంటాం. బడి పుస్తకంలో దిండు అనే మాట చదివినప్పుడు అదేదో రాజుల ఇళ్లలో ఉండే వేరే వస్తువు అనుకునేదాన్ని. పేరులోనే గుణమంతా చెప్పేసే మాట ఉండగా ఇంకో మాట ఎందుకు? ఇచ్చోడ దగ్గరి మా ఊళ్లో, పత్తీ జొన్నా పండించే మా పెంకుటింట్లో, మనుషులకన్నా మెత్తలే ఎక్కువ ఉండేవి. ఒక్కోదానికి ఒక్కో పని, ఒక్కో మర్యాద. ఒకదాని పని ఇంకోదానితో చేయిస్తే మా బాపమ్మ, అంటే బాపును కన్నతల్లి, ఊరుకునేది కాదు. ఆ ఇంటి పెత్తనమంతా ఆమెదే.

తమ్ముడు పుట్టినప్పుడు వాడి తల కోలగా ఉందని బాపమ్మ పాత ధోతి గుడ్డతో అరచేయంత సంచీ కుట్టి, అందులో ఆవాలు పోసి, వాడి తల కింద పెట్టింది. వాడు అటూ ఇటూ తిరిగినప్పుడల్లా లోపల ఆవాలు సర్రుమని జారేవి, దూరంగా వాన మొదలైనట్టు; నేను పక్కన బోర్లా పడుకుని ఆ చప్పుడు వింటూ ఉండేదాన్ని. కొన్ని నెలలకు వాడి తల అచ్చులో పోసినట్టు గుండ్రంగా తేలింది. పోపులో చిటపటలాడే ఆవాలు మనిషి తలను దిద్దుతాయన్న సంగతి నాకు ఎంత ఆశ్చర్యమో చెప్పలేను. వాడు పాకడం మొదలుపెట్టాక బాపమ్మ ఆ మెత్త విప్పి, ఆవాలను వంటకు వాడకుండా పెరట్లో చల్లింది. మొలిచిన ఆకును కోసి కూర వండితే అందరం లొట్టలేసుకుంటూ తిన్నాం. "గా ఆవాల తెలివంత తమ్ముని తలకే పోయింది, మీకు కడుపు నిండితే సాలు," అని బాపమ్మ మమ్మల్ని వెక్కిరించేది.

చుట్టాల మెత్తలు వేరు. అవి సందూకులో, కర్పూరం బిళ్లల మధ్య ఉండేవి. తెల్లటి గలేబుల మీద, అంటే మెత్త తొడుగుల మీద, రూతత్త ఆకుపచ్చ దారంతో చిలుకలు కుట్టింది. ఆ దారం ఎంత బిగువుగా ఉండేదంటే పడుకున్నవాళ్ల చెంప మీద చిలుక దిగబడేది. ఒక శనివారం ప్రార్థనకు వచ్చి మా ఇంట్లో పడుకున్న పాస్టరు అయ్యగారు, ఆదివారం పొద్దున కుడి చెంప మీద ముక్కూ తోకా సహా చిలుకను పెట్టుకుని ప్రసంగం చెబుతుంటే పిల్లలమెవరమూ తలెత్తలేదు. ఎంత భక్తి అని పెద్దవాళ్లు మురిసిపోయారు. బాపమ్మ మెత్తలో దూది లేదు, ఆమె పాత చీరలే ఉండేవి. చెక్కలా గట్టిగా ఉన్నా అది తప్ప ఇంకోటి వేసుకునేది కాదు. ఇక బాపుకు మెత్తే అక్కర్లేదు. చేనులో అన్నం తిన్నాక తల మీది రుమాలు తీసి, చుట్టి, తల కింద పెట్టుకుంటే రుమాలు కాస్తా మెత్త అయ్యేది, లేచి కట్టుకుంటే మళ్లీ రుమాలు.

అన్నిటికన్నా పెద్ద మర్యాద మా బాపుకూ రూతత్తకూ బాపు అయిన తాత మెత్తలది. తాతకు దమ్ము, అంటే ఆయాసం. వెల్లకిలా పడుకుంటే ఊపిరి అందేది కాదు. నాకు తెలివి వచ్చినప్పటి నుంచీ ఆయన పడుకోగా నేను చూడలేదు, కూర్చునే నిద్రపోయేవాడు. వెనుక గోడకు లోడు ఉండేది. మరాఠీ వాళ్ల నుంచి వచ్చిన మాట, పొడవుగా గుండ్రంగా దుంగలా ఉండే పెద్ద మెత్త. దాని ముందు రెండు బూరుగు మెత్తలు. తాత లేచి వాకిట్లోకి వెళ్తే ఆ లోడు మాకు గుర్రం. ఆయన దగ్గు వినబడితే చాలు, గుర్రం దిగి దాన్ని దులిపి గోడకు చేర్చేవాళ్లం. ఆ రెండు మెత్తల మీద మాత్రం ఎవరమూ కాలు పెట్టలేదు.

పత్తి మా చేనులోనే పండినా తాత మెత్తలకు పత్తి పనికిరాదు. "పత్తి గడ్డ కడుతది. బూరుగు దూది ఊపిరి తీసుకుంటది," అనేది బాపమ్మ. ఊపిరి తీసుకునే మెత్త ఉంటే ఊపిరి అందని మనిషికి సాయమవుతుందని ఆమె నమ్మకం, ఆమె నమ్మింది కాబట్టి నా నమ్మకం కూడా. ఎండలు ముదిరి, ఎర్రటి పూలన్నీ రాలి, కాయలు గోధుమ రంగుకు తిరిగి నెర్రెలు విచ్చే రోజుల్లో చేని గట్టు మీది బూరుగు చెట్టు కింద దుప్పట్లు పరిచి కాయలు ఏరి తెచ్చేవాళ్లం. దూది తీసే రోజున తాతను పొరుగింటి అరుగు మీదికి పంపి, కిటికీలు మూసి, తలలకు గుడ్డలు చుట్టుకుని కాయలు ఒలిచేవాళ్లం. ఆ దూదికి బరువు లేదు. తుమ్మితే లేచేది, నవ్వితే లేచేది. పెంకుల సందులోంచి పడే ఎండ పట్టీలో తెల్లగా, పట్టులా మెరుస్తూ పైకే పోయేది గానీ కిందికి దిగేది కాదు. రూతత్త కనురెప్పలు తెల్లబడి, బాపమ్మకు మీసాలు మొలిచి, నేను నోరు తెరుచుకుని అలా నిలబడిపోయేదాన్ని. ఇంత పెద్ద చెట్టు, ఒళ్లంతా ముళ్లున్న చెట్టు, లోపల దీన్ని దాచుకుందా అని ఇప్పటికీ ఆశ్చర్యమే.

రూతత్తకు సంబంధం కుదిరింది. అబ్బాయి మా మండలంలో బడిపంతులుగా వచ్చినవాడు, వాళ్లది శ్రీకాకుళం వైపు సముద్రం ఒడ్డు ఊరు. మా సంఘంలో ఒక ఆనవాయితీ ఉండేది: పెండ్లిలో వధూవరులు మోకరించడానికి రెండు కొత్త మెత్తలు పెళ్లికొడుకు వాళ్లే తేవాలి. ప్రార్థన అయ్యాక అవే వాళ్ల కొత్త కాపురానికి మొదటి మెత్తలు. మాట ఖాయమైన రోజున బాపమ్మ పెళ్లికొడుకు తండ్రితో ఆ సంగతి చెప్పింది.

"అన్నీ మేం సూసుకుంటమన్నా. మెత్తలు మాత్రం మీ దిక్కు నుంచే రావాలె."

"దానికేం భాగ్యమండీ! మా ఊళ్లో మెత్తళ్ళకి కొదవా? బస్తాడు తెస్తాం," అన్నాడాయన.

"గన్నెందుకన్నా! జర మంచియి అయితే సాలు."

"బాగా ఎండబెట్టినవే తెస్తామండీ. మీరు బెంగపెట్టుకోకండి."

ఆయన వెళ్లాక బాపమ్మ వాడంతా తిరిగి చెప్పింది, కలిగినవాళ్లని, బస్తాడు మెత్తలు తెస్తున్నారని, అవీ ఎండబెట్టి మరీ తెస్తున్నారని. ఆయన పలికిన ఆ 'ళ్ళ'ను ఎవరమూ పట్టించుకోలేదు. సముద్రం వైపు మెత్తను అలా పలుకుతారేమో అనుకున్నాం.

పెండ్లి దగ్గరపడేసరికి తాత దమ్ము ఎక్కువైంది. నాలుగు మాటలు మాట్లాడితే ఐదో మాటకు ఆగేవాడు. ఆయన్ని గుడికి, అంటే మా ఊరికి దూరంగా ఉన్న చర్చికి, తీసుకురావద్దని బాపమ్మ, తన కడపటి బిడ్డ పెండ్లి కళ్లారా చూడకుండా ఉండనని తాత. చివరికి కచ్చరం బండిలో గడ్డి పరిచి, రెండు మెత్తలు వీపుకు పెట్టి తీసుకెళ్లారు. లోడు బరువని ఇంట్లోనే ఉండిపోయింది. గుడిలో అందరం జంఖానాల మీద కూర్చునేవాళ్లం. గోడకు ఆనుకొమ్మంటే తాత వినలేదు. "గోడకు కూసుంటే బిడ్డ కనబడది. ముంగట కూసుంట," అని అందరికన్నా ముందు, మెత్త మీద మెత్త పెట్టించుకుని వాటికి ఆనుకుని కూర్చున్నాడు. నన్ను పక్కన కూర్చోబెట్టారు.

పాట అయింది. వాక్యం అయింది. అయ్యగారు మెత్తలు తెమ్మన్నారు. పెళ్లికొడుకు తండ్రి సంతోషంగా లేచి, ఇద్దరు మనుషులతో బస్తా మోయించుకొచ్చి ముందు దించి, మూతి తాడు విప్పాడు.

గుడి నిండా ఎండుచేపల వాసన గుప్పుమంది. వేలెడేసి చేపలు, వెండి రంగులో, బస్తా నిండా. సముద్రం వైపు మెత్తళ్ళంటే అవేనట.

"మీరే కదండీ తెమ్మన్నారు!" అన్నాడాయన, బిక్కచచ్చిపోయి.

వెనుక ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వు గుడంతా అంటుకోబోయి, ముసుగులో రూతత్త భుజాలు కదలడం చూసి ఆగిపోయింది. ఆమె ఏడుస్తోంది. వట్టి బండ మీద మోకరించినా దేవుడు వింటాడని అయ్యగారు అన్నారు. వింటాడని బాపమ్మకూ తెలుసు, కానీ వట్టి బండ మీద మొదలైన కాపురం బండబారిపోతుందని మా ఆడవాళ్ల మాట. ఇంటికి మనిషిని పంపుదామంటే ఊరు దూరం. బాపమ్మ మొహం చూడలేకపోయాను.

తాత చెయ్యి వెనక్కి పెట్టి ఒక మెత్త లాగాడు, రెండోది లాగాడు, రెండింటినీ ముందుకు తోశాడు.

"గివ్వి ఎయ్యుండ్రి."

"నీకు దమ్ము లేస్తది," అంది బాపమ్మ.

"లేవనియ్."

రూతత్త మోకరించింది. ప్రార్థనకు అందరూ కళ్లు మూసుకున్నారు, నేను తప్ప. తాత వెన్ను మెల్లగా వంగడం, చెయ్యి జంఖానా మీద ఆసరా వెతకడం చూశాను. ఏం తోచిందో, ఆయన వెనక్కి జరిగి, అటు తిరిగి, నా వీపును ఆయన వీపుకు ఆనించి, కాళ్లు బిగబట్టి కూర్చున్నాను. ఆయన బరువు వచ్చి నా మీద ఆగింది. పెద్ద బరువేం కాదు. ఆయన ఛాతీలో ఈల వేసినట్టు మోగే ఊపిరి నా ఎముకల్లోకి వచ్చింది; లోపలికి పోతూ ఒక ఈల, బయటికి వస్తూ ఇంకో ఈల. మెల్లగా అది కుదుటపడింది. మనిషి ఊపిరి ఎంత కష్టపడి వచ్చిపోతుందో నాకు అప్పుడే తెలిసింది, భయం వేసింది, ఆ భయంలోనే ఏదో గొప్ప పని నా చేతికిచ్చారనీ అనిపించింది.

అటు తిరిగి కూర్చున్నాను కాబట్టి పెండ్లి నాకు కనబడలేదు. నా ముందు జనం మొహాలే. ఆ సంగతి తాతకు అర్థమైంది.

"ఉంగురం... పెట్టిండు," అన్నాడు, నాకు మాత్రమే వినబడేలా. కాసేపాగి, "పుస్తె కడుతుండు. పిలగానికి ముడి పడుతలేదు." ఇంకాసేపటికి, "ఇగ లేస్తుండ్రు. బిడ్డ... నవ్వుతుంది."

ఆ సాయంత్రం ఆ మెత్తళ్ళను ఎర్రకారం వేసి వేయించి విందులో వడ్డిస్తే ఊరు ఊరంతా మళ్లీ మళ్లీ వడ్డించుకుంది. పెళ్లికొడుకుకు మెత్తల అల్లుడని పేరు స్థిరపడింది. మోకరించిన మెత్తలను వెనక్కి తీసుకోకూడదు కాబట్టి అవి రూతత్తతోనే వెళ్లిపోయాయి. తాత కొత్త మెత్తలు కుట్టించుకున్నాడు గానీ, దగ్గు ఎక్కువైనప్పుడల్లా "నా మెత్త ఏదే?" అని పిలిచేవాడు, నేను పరుగెత్తుకెళ్లి వీపు ఆనించి కూర్చునేదాన్ని. మరుసటి వానాకాలంలో ఆయన పోయాడు. ఆ పేరుతో నన్ను మళ్లీ ఎవరూ పిలవలేదు.

ఇప్పుడు ఆ గుడిలో కుర్చీలున్నాయి. మోకరించడానికి పట్నం నుంచి తెచ్చిన మఖ్మల్ మెత్తలున్నాయి, వాటిని పెండ్లి కాగానే బీరువాలో పెట్టి తాళం వేస్తారు. గట్టు మీది బూరుగు చెట్టు రోడ్డు వెడల్పులో పోయింది. ఆవాల మెత్తలు ఫోన్లో నొక్కితే ఇంటికొస్తాయి, వాటిని విప్పి ఎవరూ పెరట్లో చల్లరు. చల్లడానికి పెరడూ లేదు. తాతకున్న దమ్మే ఇప్పుడు రూతత్తకూ వచ్చింది. ఆమె కోసం డాక్టరు చెప్పిన వాలు మెత్త తెప్పించాను. తల ఆకారాన్ని గుర్తుపెట్టుకుంటుందట. అత్త దాని మీద ఇటు ఒరిగి, అటు ఒరిగి, చివరికి విసుక్కుని లేచి కూర్చుంది.

"మా బాపు మెత్త ఏదే?"

"ఎండలో వేశాను కదత్తా. తెస్తానుండు," అని బాల్కనీ వైపు నడిచాను.

"గా మెత్త కాదు."

వెనక్కి తిరిగి చూశాను. అత్త మంచం మీద కొంచెం ముందుకు జరిగి, వీపు నా వైపు పెట్టి కూర్చుని ఉంది.

వెళ్లి ఆనుకున్నాను. అదే ఈల. నా మోకాళ్లు ఇప్పుడు నొప్పి పెడుతున్నాయి, అయినా బిగబట్టాను. నా వైపు గోడ తప్ప ఏమీ లేదు. కిటికీ ఆమె వైపుంది. కాసేపటికి ఊపిరి కుదుటపడ్డాక, "రైలు పోతుంది బిడ్డా," అంది అత్త. "గూడ్సు. బొగ్గు డబ్బాలు."

ఇంకాసేపాగి, "శానా పొడుగున్నది. జర కూసో," అంది.