ఆ లారీ ఎత్తెక్కిన మధ్యాహ్నం

అరవైల చివర్లో మా మెకానికల్ క్లాసులో నేనొక్కదాన్నే ఆడపిల్లని. మా నాన్నగారి ఉద్యోగం కోసం కోస్తా నుంచి వచ్చి తార్నాకలో ఉండేవాళ్ళం. యూనివర్సిటీకి నడిచే వెళ్ళేదాన్ని. దారిలో ఒక ఎత్తు. ఆ ఎత్తు కింద తరచూ ఒక పాత లారీ ఆగి ఉండేది. క్యాంపస్‌లో కడుతున్న కొత్త హాస్టలుకు రాళ్ళు తోలే లారీ అది. నిండు లోడుతో ఎక్కలేక సగం రాళ్ళు అక్కడే దింపేవారు. మిగతావి పైన పోసి, మళ్ళీ వచ్చి వీటిని ఎత్తుకెళ్ళేవారు.

ఒకరోజు ఆ డ్రైవరు పక్కన మా క్లాస్‌మేట్ కనిపించాడు. ఆ డ్రైవరు వాళ్ళన్నేనట, లారీ కూడా ఆయనదేనట.

"ఇంజన్ మంచిగనే ఉన్నది. దమ్మే లేదు," అన్నాడు వాళ్ళన్న, బానెట్ మీద చరిచి.

"డీజిలు చాలట్లేదేమో! పంపు విప్పి చూద్దామా?" అనేశాను. అప్పటిదాకా నేను సిలిండర్లలోకి డీజిలు చిమ్మే ఆ ఇంజెక్షన్ పంపును పుస్తకంలో బొమ్మగా తప్ప ఎరగను.

వాళ్ళన్న నవ్వాడు. "విప్పు చెల్లె. గిట్ల సగం సగం మోసుడు కంటే నయమే గద."

మర్నాడు నేనూ, మా క్లాస్‌మేటూ పంపును గోనెసంచిలో చుట్టి ల్యాబుకు మోసుకెళ్ళాం. లెక్చరరు గారు గుమ్మంలోనే ఆపారు.

"ఇది కాలేజీ అనుకున్నారా, లారీ షెడ్డు అనుకున్నారా?" అని గద్దించి, మరుక్షణమే సంచిలోకి తొంగి చూశారు. "ఏదీ, బల్లమీద పెట్టండి."

పంపును మోటారుతో తిప్పి, ఒక్కో సిలిండరుకు వెళ్ళే డీజిలును ఒక్కో గాజు గొట్టంలో పట్టే యంత్రం మా ల్యాబులో ఉండేది. స్విచ్ వేశాం. ఆరు గొట్టాల్లోకీ డీజిలు చిమ్మసాగింది. ఆపి చూస్తే ఏ రెండింటిలోనూ మట్టం ఒకేలా లేదు. ఒక సిలిండరు కడుపునిండా తాగుతుంటే పక్కది పస్తులుంటోందన్నమాట! మా క్లాస్‌మేట్ ఎగిరి గంతేశాడు. "దొరికింది చూడండీ, గీడనే ఉన్నది గడబిడ!"

మట్టాలన్నీ సమానం చేసేసరికి నా వేళ్ళు బొబ్బలెక్కాయి. ఇక మిగిలింది డీజిలు ఒక హద్దు దాటకుండా ఆపే స్క్రూ. దానికి ఎవరూ కదపకుండా కంపెనీ వేసిన సీసం సీలు ఉంది.

"తెంపమంటారా సార్?"

"తెంపు. మళ్ళీ వేసే పూచీ నాది. కొంచెమే తిప్పు సుమా!"

నేను కాస్త ఎక్కువే తిప్పాను. పంపును తిరిగి లారీకి బిగించి, గొట్టాల్లో గాలి బుడగలు పోయేదాకా డీజిలు వదిలి, ఇంజన్ స్టార్ట్ చేశాం. గర్జించింది. నిండు లోడుతో ఎత్తు మొదలుపెట్టిందో లేదో, వెనక నల్లటి పొగ. బస్సు కోసం నిలబడ్డవాళ్ళు ముక్కులు మూసుకుని తిట్టారు. సగంలో లారీ ఉసూరుమంటూ ఆగిపోయింది.

మా వెనకే నడిచి వచ్చిన లెక్చరరు గారు దగ్గుతూ అన్నారు. "డీజిలు పెంచారు, బాగానే ఉంది. అది మండడానికి గాలేదీ?"

లారీని వెనక్కి దింపి గాలి ఫిల్టరు ఊడదీశాం. లోపల దుమ్ము పట్టడానికి పోసే నూనె, రాతి పొడి కలిసి అడుసులా పేరుకుపోయింది. గాలి దూరే సందే లేదు. డీజిలుతో శుభ్రంగా కడిగి కొత్త నూనె పోశాం. స్క్రూను నేనే కొంచెం వెనక్కి తిప్పాను. లెక్చరరు గారు వంగి చూసి తలూపారు.

"ఎక్కు చెల్లె," అన్నాడు వాళ్ళన్న క్యాబిన్ తలుపు తీసి. "పంపు విప్పినదానివి, నువ్వు లేకుంటే ఎట్ల?"

చీర కుచ్చిళ్ళు పైకి పట్టుకుని ఎక్కాను. నా కాళ్ళ కింద రేకు వణుకుతోంది. ఎత్తు మొదలైంది. పొగ పల్చగా, బూడిద రంగులో ఉంది. రోజూ ఆగే చోటు వచ్చింది, దాటిపోయింది!

"అరే, పోతున్నది! గేరు గూడ మార్చలే!" అని వాళ్ళన్న అరిచాడు. నేనూ అరిచాను. పక్కనే పరుగెత్తుతున్న మా క్లాస్‌మేట్ చేతులూపుతూ వెనకబడిపోయాడు. పైన హాస్టలు కుర్రాళ్ళు ఈలలు వేశారు. రాళ్ళన్నీ ఒక్క విడతలో పోశాం.

ఆ ఆదివారం పొద్దున్న మా ఇంటి ముందు ఇంకో లారీ ఆగింది. ఎవరో డ్రైవరు గేటు తట్టి, కాఫీ తాగుతున్న మా నాన్నగారిని అడిగాడు. "సార్, పంపులు మంచిగ జేసే చెల్లె ఇల్లు ఇదేనా?"

నాన్నగారు కాఫీ గ్లాసుతోనే నా వైపు తిరిగారు. నేను చెప్పులు కూడా వేసుకోకుండా లారీ దగ్గరికి పరుగెత్తాను.