ఏ ఇంటినీ దాటని ప్రార్థన

మంగళవారం ఉదయం రెండో పీరియడ్ మధ్యలో తమ్ముడు ఫోన్ చేశాడు. వింజమూరు బడిలో పాఠం చెబుతూ ఫోన్ ఎత్తే అలవాటు నాకు లేదు. ఆగి మళ్ళీ మోగేసరికి వరండాలోకి వచ్చాను. "అక్కా, నర్సమ్మ పోయింది. టీ తాగి గ్లాసు కింద పెట్టిందంట, అంతే," అన్నాడు. పిల్లల్ని పక్క టీచరుకు అప్పజెప్పి బస్సెక్కాను.

నేను ఊరు చేరేసరికి ఆమె ఇంటి ముందు ఫ్లెక్సీ కట్టేశారు. ఫోటో కింద 'శాంతమూర్తి, సాత్వికురాలు' అని రాసి ఉంది. ఎవరు రాయించారో గానీ ఆమెతో ఒక్క పూటైనా గడిపినవాళ్ళు కారు. ఆ రెండు మాటలూ కొట్టెయ్యడానికే ఇది రాస్తున్నాను.

ఉదయగిరి కొండ కింద మా పాలెంలో ఆమెది మా పక్కిల్లు. ముప్పై ఏళ్ళకు పైగా ఏఎన్ఎంగా చుట్టుపక్కల ఊళ్ళన్నీ కాలినడకన తిరిగింది. పెద్దాచిన్నా అందరికీ నర్సమ్మే. భుజాన టీకాల పెట్టె, చేతికి గడియారం. ఆ గడియారం ముఖం మణికట్టు లోపలి వైపుకు ఉండేది. పోలియో చుక్కల రోజున తలుపు వేసి ఉన్న ఇంటికి మూడుసార్లయినా తిరిగి వెళ్ళేది. ఒకసారి తాగి ఉన్న తండ్రి ఒకడు ఆమె మీదికి కుక్కను ఉసిగొలిపాడు. ఆమె కదల్లేదు. "కుక్కను కట్టెయ్. బిడ్డను తీసుకురా. చుక్కలేసిందాకా నేను పోను," అని గుమ్మంలోనే నిలబడింది. చివరికి కుక్కే విసుగెత్తి పోయి పడుకుందని ఆమే చెప్పి నవ్వేది.

రిటైరయ్యాక చేతిలో పెట్టె పోయింది గానీ తిరుగుడు పోలేదు. రోజూ సాయంత్రం నాలుగింటికి తన అరుగు మీద నిలబడి వీధికంతా వినపడేలా ప్రార్థన చేసేది. వీధి మొదటి ఇంటితో మొదలుపెట్టి, ఒకప్పుడు చుక్కలు వేసుకుంటూ వెళ్ళిన వరుసలోనే ఒక్కో ఇంటినీ తలుచుకునేది. మా ఇళ్ళు అయ్యాక రోడ్డు దాటేది, మాటల్లోనే. శెట్టిగారి కొట్టు, కుట్టుమిషను సాయిబు ఇల్లు, అక్కణ్ణుంచి చేలగట్టు మీది ఇళ్ళు. "ప్రభువా, ఈ ఇంటి మీద దయ చూపించు," అనేది. ఆ ఇంట్లో జబ్బుంటే జబ్బు పేరు చెప్పేది. దేవుడితో గొడవ కూడా పడేది. "నిన్న గూడా చెప్పినాను గదా, వినబళ్ళేదా?" అని అడగడం నేను ఎన్నిసార్లు విన్నానో.

ప్రార్థనలో కళ్ళు మూసేది కాదు. ఎందుకని ఒకసారి అడిగాను.

"కళ్ళు మూసుకుంటే ఏ ఇల్లు మిగిలిపోయిందో ఎట్టా తెలస్తాదే?" అంది.

ఇప్పుడు తోటాయన గురించి చెప్పాలి. మా పాలెం నుంచి సమాధుల తోటకు పాత బండిబాట ఒకటి ఉంది. దాని పక్క పొలాన్ని పెద్ద ఆసామి ఒకడు కొని నిమ్మతోట వేశాడు. మేమందరం అతన్ని తోటాయన అనే అంటాం. తోట వేసిన ఏడాదే బాటను కూడా కలుపుకుని రాతి కూసాలు నాటి ముళ్ళకంచె లాగాడు. పెద్దలు వెళ్ళి అడిగితే, "కాగితం ఉంటే చూపించండి," అన్నాడు. మా తాతలు నడిచిన బాటకు మా దగ్గర కాగితమెక్కడిది?

ఆ వానాకాలంలోనే మా నాయన చనిపోయాడు. శవపెట్టెను వాగు మీదుగా చుట్టు తిప్పి మోసుకుపోవాల్సి వచ్చింది. మోకాళ్ళ దాకా బురద. మధ్యలో ఒకరి కాలు జారి పెట్టె ఒక పక్కకు ఒరిగింది. లోపల మా నాయన కదిలిన చప్పుడు నేను విన్నాను. కంచె అవతల నిమ్మచెట్లు శుభ్రంగా, వరుసగా ఉన్నాయి. ఆ రోజు నుంచీ తోటాయన పేరు నా నోట రాలేదు.

కరోనా రెండోసారి వచ్చిన ఎండాకాలంలో చర్చి తలుపులు మూశారు. నాలుగింటికి ఎవరి గుమ్మంలో వాళ్ళం నిలబడి నర్సమ్మ ప్రార్థనకు ఆమేన్ చెప్పేవాళ్ళం. మా వీధిలోనే వారం తేడాతో ఇద్దరు పోయారు, అందులో ఒకామె చిన్నపిల్లల తల్లి. అప్పుడు కబురొచ్చింది, తోటాయనకు తగులుకుందని. ఆత్మకూరులో చూపించి నెల్లూరు తీసుకుపోయారట, ఊపిరి అందడం లేదట. ఆ కబురు వీధిలో మిఠాయి పంచినట్టు తిరిగింది. నాకూ లోపల ఎక్కడో చల్లగా అనిపించింది. దాచను.

ఆ సాయంత్రం నర్సమ్మ ప్రార్థన వరుసగా ఇళ్ళు దాటుకుంటూ వెళ్ళి నిమ్మతోట దగ్గర ఆగింది. "ప్రభువా, తోటాయనకు ఊపిరాడటంలేదు. దయ చూపించు. ఆ మనిషి ఊపిరి నిలబెట్టు."

ఒక్కరూ ఆమేన్ అనలేదు.

నేనే ముందు నోరు తెరిచాను. "నర్సమ్మా, మా నాయన పెట్టెను వాగులో మోయించినోడు వాడు. వాడికి మాతో ఆమేన్ చెప్పించొద్దు."

"నిన్ను చెప్పమన్లేదే. నేను చెప్పుకుంటా ఉండా."

"వాణ్ణి దేవుడే చూసినాడు," అన్నాడు మా తమ్ముడు.

ఆమె అరుగు దిగి వచ్చింది. "దేవుడు చూసేది ఇట్టానే అయితే, మన వీధిలో పోయిన ఇద్దర్ని ఎందుకు చూసినాడో చెప్పరా. ఆ తల్లి ఏం కంచె ఏసింది? చెప్పు!" ఆ వెంటనే అందరి వైపూ తిరిగింది. "చుక్కలేసేటప్పుడు ఒక్క ఇల్లు దాటినానా? అమ్మానాయనలు మంచోళ్ళా చెడ్డోళ్ళా అని చూసి ఏసుంటే ఈ వీధిలో సగం మంది కుంటుకుంటా పోతా ఉండేవోళ్ళు. ఇప్పుడెట్టా దాటమంటారు?"

మర్నాడు సంఘం పెద్దలిద్దరు వచ్చి దూరంగా నిలబడి, ఆ ఒక్క పేరూ వదిలెయ్యమని బతిమాలారు. జనం నొచ్చుకుంటున్నారన్నారు. "బాటకు ఆయన కంచె ఏసినాడు. నా నోటికి మీరేస్తారా?" అని ఆమె వాళ్ళను వెనక్కి పంపింది. ఆ సాయంత్రం ఆ పేరు ఒకసారి కాదు, మూడుసార్లు చెప్పింది. మేం గుమ్మాల్లో రాళ్ళలా నిలబడ్డాం.

తోటాయన బతికాడు. నెల దాటాక సగం మనిషై తిరిగొచ్చాడు, నాలుగడుగులు వేస్తే ఆయాసం. కంచె మాత్రం అట్లాగే ఉంది. "నీ ప్రార్థనకు ఆయన బతికినాడు, కంచె గూడా బతికింది," అని వీధిలో దెప్పారు. ఆమె ఏమీ తొణకలేదు. "దయ అడిగేది దేవుణ్ణి. దారి అడిగేది ఆర్డీఓని. ఆ ఆఫీసు వేరు, ఈ ఆఫీసు వేరు," అంది. తరువాతి సోమవారం ఇస్త్రీ చేసిన తెల్లచీర కట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని ఆత్మకూరు బస్సెక్కింది. అర్జీ నా చేత రాయించి కింద మొదటి సంతకం తనే చేసింది.

విచారణకు పిలిచిన రోజు వరండాలో ఒకటే బెంచీ ఖాళీగా ఉంది. దాని మీద ఆ కొసన తోటాయన, ఈ కొసన మేము. అతనికి దగ్గు తెర అందుకుంది, ఆగడం లేదు. నర్సమ్మ లేచి వెళ్ళి పక్కన కూచుంది. "ముందుకు ఒంగొద్దు నాయనా. నిటారుగా కూచో. ముక్కుతో పీల్చు, నోటితో మెల్లిగా వదులు," అని తన సీసాలో నీళ్ళు తాగించింది. అతను తాగాడు. అంతలో లోపలి నుంచి పిలుపొచ్చింది. ఆమె సీసా అతని దగ్గరే వదిలేసి లోపలికి వెళ్ళింది. ఆ బాట ఎప్పటి నుంచి ఉందో, ఎవరెవరి పెట్టెలు దాని మీద వెళ్ళాయో, అతను ఎప్పుడు మూశాడో, ఒక్క మాట మెత్తన చెయ్యకుండా చెప్పింది. మా నాయన పెట్టె వాగులో ఒరిగిన సంగతి చెప్పేటప్పుడు ఆమె గొంతు వరండా దాకా వినపడింది. అతనూ విన్నాడు.

తిరుగు బస్సులో అడిగాను. "నర్సమ్మా, నిజంగా అతను బాగుండాలని నీకు ఉండాదా?"

"యాడుండాది? చూస్తేనే మండతాది," అంది. కిటికీలోంచి బయటికి చూస్తూ మళ్ళీ అంది. "నాకు నచ్చినోళ్ళ మీద దయ చూపించేదానికి నేను చాలు. నచ్చనోళ్ళకే దేవుడు కావాల."

సర్వేయరు వచ్చాడు, పాత పటంలో బాట ఉందని తేల్చాడు, కూసాలు పీకారు. ఆ రోజు నర్సమ్మ తోటాయన దగ్గరికెళ్ళి, "ఊపిరి ఎట్టుండాది?" అని అడిగింది. అతను జవాబు చెప్పకుండా ముఖం తిప్పుకున్నాడు. అతను ఎప్పుడూ తప్పు ఒప్పుకోలేదు, చేతులు పట్టుకుని ఏడవలేదు. ఇది చెప్పకపోతే రేపు ఎవరో ఆమె కథను తీయటి ప్రసంగంగా మార్చేస్తారు. అతను మారితేనే తన ప్రార్థన చెల్లుతుందని ఆమె ఎన్నడూ అనుకోలేదు. మర్నాడు నాలుగింటికి మళ్ళీ ఆ పేరు చెప్పింది.

మంగళవారం సాయంత్రం ఆమెను ఆ బాట మీదుగానే తీసుకుపోయాం. పొడినేల, ఎవరి కాలూ జారలేదు. తోట గట్టు మీద ఆయన నిలబడి ఉన్నాడు. గౌరవంగా నిలబడ్డాడో, జనం మొక్కలు తొక్కుతారేమోనని కాపలా ఉన్నాడో నాకు తెలియదు. గుంట పూడ్చాక పాస్టరుగారు ఆమె బంధువుల్ని, సంఘాన్ని, ఊరిని తలుచుకుని ప్రార్థన ముగించబోతుంటే, "తోటాయన్ని గూడా," అన్నాను. నెమ్మదిగా అనలేదు, వీధికి వినపడేంత గట్టిగా అన్నాను. మనసులో మంట ఇంకా అట్లాగే ఉంది, అయినా అన్నాను. కొందరు ఆమేన్ అన్నారు. తమ్ముడు అనలేదు. వాణ్ణి నేను తప్పుపట్టను.

కళ్ళు తెరిచే ఉంచాను కాబట్టి చూశాను. గట్టు దిగి ఆయన ఇంటివైపు నడుస్తున్నాడు. నిమ్మచెట్ల మధ్య నాలుగడుగులు వేసి ఆగాడు, చెట్టుకొమ్మ పట్టుకుని ఊపిరి కూడదీసుకున్నాడు, మళ్ళీ నాలుగడుగులు వేశాడు. చేతుల మట్టి దులుపుకోవడం మరిచి, ఆయన గుమ్మం చేరేదాకా మేం అక్కడే నిలబడి చూస్తూ ఉన్నాం.