ఎండ చుక్కలు

శివరాత్రికి చలి శివశివా అంటూ పోయిందంటే మా ఇంట్లో ఎర్ర పెన్ను బయటికి వస్తుంది. ఎండ మరీ ఎక్కువైన రోజున వంటింటి కాలెండర్‌లో ఆ తేదీ గడిలో నేనొక ఎర్రచుక్క పెడతాను. పేపర్లో వేసే డిగ్రీలను నమ్మను. అవి ఎక్కడో కొలుస్తారు, మా చిక్కడపల్లి గల్లీలో కాదు. నా కొలత నాది. మధ్యాహ్నం మూడింటికి బాత్రూములో నల్లా తిప్పి, దాని కింద చెయ్యి పెట్టి పది లెక్కపెడతాను. పదిలోపు చెయ్యి వెనక్కి లాక్కుంటే చుక్క, లేకపోతే లేదు. డాబా మీది నల్ల ట్యాంకు పొద్దస్తమానం ఎండలో కాగుతుంది కాబట్టి ఆ నీళ్లు అబద్ధం చెప్పవని నా ధీమా.

మొదట్లో ఒక వేసవి చుక్కలు ఒక చేతి వేళ్లకు సరిపోయేవి. రాను రాను ఏప్రిల్, మే నెలల పేజీలకు ఆటలమ్మ పోసినట్టు అయింది. "నీ చుక్కలు చూస్తేనే చెమటలు పడుతున్నయ్" అంటారు మా ఆయన. ఎవరి పిచ్చి వారికి ఆనందం.

పోయిన వేసవిలో మాత్రం చుక్కలు ఆగిపోయాయి. ఏప్రిల్ సగం గడిచినా ఒక్కటీ లేదు. నేను ఊరుకుంటానా? ఈసారి ఎండలే లేవని కూరగాయల బండి అతనికి చెప్పాను. నల్లకుంటలో ఉండే మా చెల్లెలికి ఫోన్ చేసి మరీ చెప్పాను. డాబా మీద రేకుల గదిలో కిరాయికి ఉండే అమ్మాయికీ చెప్పాను.

ఆ అమ్మాయి వాళ్లది పాలమూరు వైపు పల్లె. తల్లి ఇక్కడే ఇళ్లు కట్టే పనిలో కూలి. కట్టే బిల్డింగు పక్కనే షెడ్డులో ఉంటుంది. అక్కడ చదువుకోవడానికి చోటు లేక పిల్ల మా గదిలో చేరింది. అశోక్ నగర్‌లో కోచింగ్ అయిపోయాక, సర్కారు ఉద్యోగ పరీక్ష కోసం రోజూ పొద్దున్నే లైబ్రరీకి వెళ్లి చీకటి పడ్డాక వచ్చేది. పరీక్ష ఇంకా నెల ఉందనగా మెట్ల మీద ఎదురైతే ఆపాను.

"ఎండల పడి ఎందుకు తిరుగుతవ్ బిడ్డా? ఈ ఏడు ఎండలు తక్కువే ఉన్నయి. గదిలనే కూసొని నిమ్మళంగ చదువుకో."

"సరే ఆంటీ" అంది. పెద్దదాని మాట విన్నది, పాపం. మర్నాటి నుంచి లైబ్రరీ మానేసింది.

పరీక్షకు ఎనిమిది రోజులుందనగా ఒక మధ్యాహ్నం, ఎండబెట్టిన మామిడి ఒరుగులు తిరగేయడానికి డాబా ఎక్కాను. గది తలుపు బార్లా తీసి ఉంది. గచ్చు మీద బకెట్ నీళ్లు పోసుకుని, ఆ తడిలోనే చున్నీ పరుచుకుని పడుకుంది. పిలిస్తే పలకలేదు. ఒళ్లు ముట్టుకుంటే పెనం. ఒక్క చెమట బొట్టు లేదు. ఎవరో ప్రశ్న అడిగినట్టు రాజుల పేర్లు వరసగా గొణుగుతోంది. కింద ఉన్న మా ఆయన్ని కేకేశాను.

మా ఆయనా నేనూ కలిసి కిందికి దించి, తడిగుడ్డలు చుట్టి, ఆటోలో నారాయణగూడలో ఒక ఆసుపత్రికి తీసుకెళ్లాం. డాక్టరమ్మ సెలైన్ పెట్టించి మా వైపు తిరిగింది. "మధ్యాహ్నం పూట రేకుల కింద ఎట్లా ఉండనిచ్చారు? ఇంకో గంట ఆలస్యమైతే మా చేతుల్లో కూడా ఉండేది కాదు" అంది. పరీక్ష రాయగలదా అని అడిగితే, "ముందు మనిషిని కోలుకోనివ్వండి" అంది.

సాయంత్రానికి తేరుకుంది. వాళ్లమ్మకు చెప్పొద్దని నా చెయ్యి పట్టుకుంది. "ఇంత అయితున్నా నాకు ఒక్క మాట చెప్పకపోతివి?" అని కేకలేశాను. భయమేస్తే నాకు కోపమే వస్తుంది.

"ఎండలు తక్కువే అన్నరు గద ఆంటీ. తట్టుకునుడు నాకే చాతనైతలేదనుకున్న. మా అమ్మ ఎండల ఇటుకలు మోస్తది. నీడల కూసొని చదువుకునేదానికి నాకేం రోగం అనుకున్న."

కొంగుతో ఆమె ముఖం తుడిచాను.

మర్నాడు మూడింటికి నల్లా కింద చెయ్యి పెట్టాను. పది దాటింది, ఇరవై దాటింది. అనుమానం వచ్చి డాబా ఎక్కాను. ట్యాంకు చుట్టూ గోనెసంచులు, పైన తడకల పందిరి. చలికాలం చివర్లో మా ఆయనతో పోరి పోరి నేనే వేయించాను. నీళ్లకు నీడ చేయించి, ఎండ ఎంతుందని ఆ నీళ్లనే అడుగుతూ కూర్చున్నాను. నాలుగడుగుల దూరంలో ఉన్న గది రేకుల మీద ఒక్క సంచి కప్పాలని మాత్రం తోచలేదు. ఆ గది గోడకు అరచెయ్యి ఆనించి లెక్కపెట్టాను. నాలుగు దగ్గర తీసేశాను. ఇన్నేళ్లూ ఎండను కొలుస్తున్నానని గొప్పలు పోయినందుకు సిగ్గేసింది.

ఆసుపత్రి నుంచి వచ్చాక ఆమెను మా హాల్లోనే ఉంచుకున్నాం. కూలర్ ఆమె వైపు తిప్పేశాం. మొదటి రెండు రోజులు తల ఎత్తలేకపోయింది. మూడో రోజు పడుకునే పుస్తకం పట్టింది. నేను మజ్జిగ గ్లాసుతో వెంటపడేదాన్ని. పరీక్ష రోజున మా ఆయన సెంటరు దాకా వెంట వెళ్లి, గేటు ముందే కూర్చున్నారు.

"మొత్తం రాసిన ఆంటీ" అంది, వస్తూనే చెప్పులు విప్పుతూ.

ఆ సాయంత్రం గోడమీది కాలెండర్ తీసి ఆమె ముందు పెట్టాను.

"ఏయే దినాలు నీ గదిల ఉండలేకపోయినవ్? యాది చేసుకొని చెప్పు."

"ఇప్పుడెందుకు ఆంటీ?"

"చెప్పు."

పాఠాలను బట్టి గుర్తు చేసుకుంది. "చరిత్ర చదివిన వారమంత. గీ శుక్రారం, శనారం భూగోళం. పుస్తకం జిగురు కరిగి అట్ట ఊడింది ఇగో, ఈ మంగళారం." ఆమె చెబుతూ పోయింది, నేను చుక్కలు పెడుతూ పోయాను. ఆమె గదిలోనే చదువుకున్న ఆ రోజులన్నిటిలో చివరికి ఒక్క ఆదివారం గడి ఖాళీగా మిగిలింది.

"ఆ దినం గది ఎట్లుండెనో తెల్వదు. అమ్మను చూడనీకి పోయిన" అంది.

"అమ్మ ఆ దినం ఇంట్లనే ఉండెనా?"

"లేదు ఆంటీ. పనికి పోయింది. పొద్దుగూకినంక వచ్చింది."

ఆ గడిలో కూడా చుక్క పెట్టాను.