మా గల్లీలో సాంచెలు ఆగిన రోజు

దయ్యాలను, అరిష్టాలను నేను ఎప్పుడూ నమ్మలేదు. నా ఫిర్యాదులన్నీ బతికున్న మనుషుల మీదే. నల్లా రాకపోతే మున్సిపాలిటీకి రాస్తాను. మీటరు తప్పుగా తిరిగితే కరెంటు ఆఫీసుకు రాస్తాను. జవాబు రాకపోతే మళ్లీ రాస్తాను. ఇది చదివేవాళ్లు నన్ను భ్రమలు పడే మనిషిగా అనుకోవద్దనే ఈ సంగతి ముందే చెబుతున్నాను.

మాది షోలాపూర్‌లో దాజీ పేట్. తాతల కాలంలో మగ్గం పని కోసం తెలంగాణ నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయిన కుటుంబం. పవర్‌లూమ్‌లను మేం సాంచెలు అంటాం. ముందు గదిలో సాంచెలు, వెనక గదిలో సంసారం. ఆ చప్పుడులోనే పుడతాం, చదువుకుంటాం, పోట్లాడుకుంటాం. అది నడుస్తున్నంతసేపు మా చెవులు పట్టించుకోవు. ఆగితేనే తెలుస్తుంది.

నేను పుట్టినప్పుడు మా గల్లీలో సాంచెలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయట. ఈ మాట ఊహ తెలిసినప్పటి నుంచి వింటున్నాను. ఎవరూ నా ముఖం మీద అరిష్టం అనలేదు. అనాల్సిన అవసరం లేకుండా నడుచుకున్నారు. కొత్త సాంచె పెట్టిన రోజు ఇంట్లో ఆడపిల్లలంతా దానికి బొట్టు పెడుతుంటే నన్ను పాల కోసం బజారుకు పంపారు. చెల్లెలు సుజాత పెళ్లికి పసుపు దంచుతుంటే మా మేనత్త నర్సవ్వ నా చేతిలోని రోకలి తీసుకుని పక్కింటావిడకు ఇచ్చింది. ఆ పక్కింటావిడ కట్టుకున్న చీర రంగు కూడా నాకు గుర్తుంది.

మా తమ్ముడు శ్రీనుకు పెళ్లయిన చాలా ఏళ్లకు ఈ మధ్య కూతురు పుట్టింది. బిడ్డను తొట్టెలలో వేసే రోజు చెవిలో మొదటిసారి పేరు చెప్పేది మేనత్త. నా చెవిలో నర్సవ్వ అత్త చెప్పింది. ఈ బిడ్డకు పెద్ద మేనత్తను నేను. ఒక సాయంత్రం శ్రీను వచ్చి, గడపలోనే నిలబడి, పేరు సుజాతతో చెప్పిద్దామని అత్త అంటోందన్నాడు. ఎందుకని అడిగాను.

"నీకు తెల్వదా అక్కా," అన్నాడు నేల చూస్తూ.

తెలుసు. అందుకే ఈసారి ఊరుకోదలుచుకోలేదు. ఆ రోజు కరెంటు పోయి ఉంటుంది, అంతకన్నా ఇంకేముంటుంది? కరెంటు పోతే పేపర్లో వచ్చి ఉంటుంది. ఆ పేపరు తెచ్చి అత్త ముందు పెడితే, ఇన్నేళ్లుగా నేను మోస్తున్న నేరం కరెంటు ఆఫీసు మీదికి పోతుంది. తొట్టెల పండుగ లోపల అది జరగాలి.

మా గల్లీ మొదట్లోనే ఒక పాత వాచనాలయం ఉంది. మేడ మీద గదిలో పాత మరాఠీ పేపర్లను నెలల వారీగా కుట్టి పెట్టారు. నా బడి సర్టిఫికెట్లో పుట్టిన తేదీ జూన్ ఒకటి. ఆ తేదీ పేపరు తీయించి అంతా చదివాను. కరెంటు ఊసే లేదు. అయితే సాంచెలు ఆగడమే అబద్ధమై ఉండాలని నిర్ణయించుకుని అత్త దగ్గరికి వెళ్లాను. అత్తకు ఎనభై దగ్గర పడుతున్నా ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతూనే ఉంటుంది. నా మాట విని నవ్వింది.

"గా తారీకు మాస్టర్ రాసింది," అంది. "బడిల ఏసినోళ్లందరికీ అదే రాసిండు. నువ్వు పుట్టింది నాగుల పంచమి తెల్లారి."

నా క్లాసులో సగం మందికి అదే పుట్టినరోజు. అది నాకు ఎప్పుడూ వింతగా అనిపించలేదు.

ఆ ఏటి పంచాంగం చూసి, పంచమి మర్నాడు ఏ తేదీ పడిందో పట్టుకున్నాను. మళ్లీ వాచనాలయానికి వెళ్లాను. మధ్యాహ్నం పూట, గదిలో నేను, లైబ్రేరియన్ తప్ప ఎవరూ లేరు. నేను పుట్టిన రోజు పేపర్లో వానలు ఆలస్యమయ్యాయని ఉంది. నూలు ధర పెరిగిందని ఉంది. ఎవరిదో బర్రె తప్పిపోయిందని ప్రకటన ఉంది. ఆ రోజు జరిగింది మరుసటి రోజు పేపర్లో కదా వస్తుందని అప్పుడు తట్టి, పేజీ తిప్పాను.

లోపలి పేజీలో, అడుగున, చిన్న వార్త. దాజీ పేట్‌లో ఒక గల్లీలో నిన్న మధ్యాహ్నం సాంచెలన్నీ కాసేపు ఆగిపోయాయని, కరెంటు పోలేదని విద్యుత్ అధికారులు చెబుతున్నారని, పక్క గల్లీలో పని యథాప్రకారం సాగిందని, ఆగిన ఇళ్లలో కూడా దీపాలు వెలుగుతూనే ఉన్నాయని రాశారు. కారణం తెలియలేదని ముగించారు.

నా నిర్దోషిత్వానికి రుజువు వెతుకుతూ వెళ్లి నా మీదే రుజువు దొరకబుచ్చుకున్నాను.

నమ్మలేక రెండోసారి చదవడం మొదలుపెట్టాను. చదువుతుండగా ఏదో తేడా తెలిసింది. కింద గల్లీలో చప్పుడు లేదు. ఒక సాంచె ఆగితే పక్కది వినపడుతుంది. ఒక్కటీ లేదు. లైబ్రేరియన్ తలెత్తి "లైట్ గేలీ కా?" అన్నాడు, కరెంటు పోయిందా అని. తర్వాత పైకి చూశాడు. మా నెత్తి మీద ఫ్యాను తిరుగుతూనే ఉంది.

కాసేపటికి ఒకటి, తర్వాత ఇంకొకటి, అన్నీ మళ్లీ మొదలయ్యాయి.

నేను అలాగే దిగి ఇల్లిల్లూ తిరిగి అడిగాను. ఒకరు పోగు తెగిందన్నారు. ఒకరు బెల్టు జారిందన్నారు. ఒకరు నీళ్లు తాగడానికి ఆపామన్నారు. మా ఎదురింటాయన మాత్రం హ్యాండిల్ మీద చెయ్యి ఎందుకు వేశాడో తనకే తెలియదన్నాడు. అందరికీ ఒక్కసారే ఎలా జరిగిందని అడిగితే, ఎవరూ దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. పని ఆగినందుకు విసుక్కున్నారు, అంతే.

నేరుగా అత్త దగ్గరికి వెళ్లాను. వార్తలో ఉన్నది తెలుగులో చెప్పాను. ఇప్పుడు జరిగింది కూడా చెప్పాను. అత్త చాట కింద పెట్టింది.

"పేపర్ల గూడ వచ్చిందా," అంది. చేతికంటిన పొగాకు దులుపుకుని, "నువ్వు ఏడ్వలేదు బిడ్డా," అంది.

నాకు అర్థం కాలేదు.

"పుట్టంగనే ఏడ్వలే. మంత్రసాని జూసి పాణం లేదన్నది. గుడ్డల సుట్టి పక్కకు పెట్టుమన్నది. నేను నీ రొమ్ము మీద చెవి పెట్టిన. సాంచెల సప్పుడుకు ఏం ఇనొస్తది? జర ఆగుండ్రి అని మనసుల అనుకున్న. నోరు గూడ తెరువలే. ఆగినయి. అప్పుడు ఇనొచ్చింది నీ ఊపిరి."

అరిష్టం అన్నది మా నాయనమ్మ అట. అత్త కాదనలేకపోయింది. కాదంటే మనసులో అనుకున్న సంగతి చెప్పాలి.

"నేను అనుకున్నది ఎవరు ఇన్నరో నాకు తెల్వది," అంది. "గా భయానికే నిన్ను సాంచెల కాడికి, శుభం కాడికి రానియ్యలే."

"ఇన్నేండ్లు నాకెందుకు చెప్పలే అత్తా?"

"నువ్వు ఎప్పుడన్న అడిగినవా? కొట్లాడినవ్ గని."

తప్పయిందని మాత్రం అనలేదు. అది కూడా నాకు గుర్తుంటుంది.

తొట్టెల రోజు పేరు నేనే చెప్పాను. శ్రీను సాంచెలు బంద్ చేయిస్తానంటే అత్త వద్దంది. "నడువనియ్," అని తొట్టెల తాడు తనే పట్టుకుంది. ఆ మోతలో వంగి బిడ్డ చెవిలో పేరు చెప్పాను. మోత తగ్గలేదు. సుజాత పక్కన నిలబడి చూసింది.

ఇక్కడితో నా ఫిర్యాదు తీరిపోవాలి. తీరలేదు. మొదటిసారి సాంచెలు ఆగింది నా ఊపిరి వినడానికే అనుకుందాం. రెండోసారి ఎందుకు ఆగినట్టు? గల్లీలో ఇంటింటికీ వెళ్లి మళ్లీ అడిగాను. ఆ మధ్యాహ్నం ఎవరికీ నొప్పులు రాలేదు, ఎవరికీ ఊపిరాడకుండా పోలేదు. దీని మీద ఏ ఆఫీసుకు రాయాలో నాకు తెలియడం లేదు.

గల్లీ అంతా నిశ్శబ్దమైన ఆ కాసేపు నేను పేపరు మీదికి వంగి నా గురించిన వార్తే చదువుకుంటున్నాను. అప్పుడు అత్త విన్నట్టు చెవి పెట్టి వినాలని నాకు తోచలేదు.