కలుపుగోలుతనానికి ఇరవై మార్కులు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. కొత్తగా ఉద్యోగంలో చేరిన ప్రతివాడికీ వచ్చే జబ్బే అది. కొందరికి త్వరగా తగ్గుతుంది, నాకు కాస్త ఆలస్యమైంది. హైటెక్ సిటీ అద్దాల మేడల పక్కనే ఉన్న ఒక ప్రైవేటు యూనివర్సిటీలో నేను అసిస్టెంట్ ప్రొఫెసర్ని. మెడలో కార్డు వేలాడేసుకుని, ఎదుటి మేడల్లో పనిచేసే స్నేహితులకు నేనేం తీసిపోనని నాకు నేనే చెప్పుకుంటూ తిరిగేవాణ్ణి. మా డీన్ గారు ఆ మేడల్లోనే చాలా ఏళ్ళు పనిచేసి వచ్చారు. దేన్నయినా కొలవకపోతే ఆయనకు అన్నం సయించదు. ఒకనాడు నన్ను పిలిచి, అధ్యాపకులు తోటివారితో ఎంత కలుపుగోలుగా ఉంటున్నారో ఇకమీదట మార్కుల్లో తేల్చాలనీ, కాంట్రాక్టు మీద ఉన్నవారిని కొనసాగించాలో వద్దో ఆ మార్కులు చూసే నిర్ణయిస్తామనీ, ఆ ఫారం నేనే తయారుచెయ్యాలనీ చెప్పారు. ఉబ్బి తబ్బిబ్బయ్యాను. (ఆ పనిని అప్పటికే ముగ్గురు సీనియర్లు తప్పించుకున్నారని తరవాత తెలిసింది.)

ఒక్క పూటలో ఫారం సిద్ధం చేశాను. టీ వేళ అందరితో కూర్చుంటారా, పుట్టినరోజు కేకు కోసేటప్పుడు ఉంటారా, వాట్సాప్ గ్రూపులో శుభాకాంక్షలకు బదులిస్తారా, పిక్నిక్‌కి వస్తారా: ఒక్కోదానికి ఐదు చొప్పున ఇరవై మార్కులు. (నాలుగింటిలోనూ నేనే ముందుండటం కేవలం యాదృచ్ఛికమని అప్పట్లో నిజంగానే నమ్మాను.) అందరూ అందరికీ పద్దెనిమిదికి తగ్గకుండా వేసుకున్నారు, ఒక్క లెక్కల మేడంకి తప్ప. ఆవిడ పుప్పాలగూడలో అపార్టుమెంట్లు లేవకముందు నుంచీ ఉన్న కుటుంబపు మనిషి. ఇంట్లో పక్షవాతం వచ్చి మంచాన పడిన భర్త. ఆ ఇల్లు ఆవిడ జీతం మీదే నడిచేది. ఏళ్ళ తరబడి కాంట్రాక్టు మీదే ఉన్నారు. టీ తాగేవారు కాదు, కేకు దగ్గర నిలబడేవారు కాదు, నాలుగు కొట్టగానే బస్సుకి వెళ్ళిపోయేవారు. ఆవిడకి నేను రెండు వేశాను. మిగతావాళ్ళవీ కలిపి సగటు తీస్తే మూడు వచ్చింది. మొహమాటం లేకుండా మార్కులు వేయగలిగినందుకు నన్ను నేను మెచ్చుకున్నాను కూడా.

ఆ మర్నాడే, ఆ కాగితాలింకా డీన్ గారికి ఇవ్వకముందే, మా పెద్దమ్మ ఫోన్ చేసింది. కూకట్‌పల్లిలో ఒక మంచి సంబంధం ఉందట, శుక్రవారం పదింటికి పెళ్ళిచూపులట. సెలవు పెట్టాలి. మా దగ్గర సెలవు చీటీ అడుగున ఒక గడి ఉంటుంది. మన క్లాసు ఎవరు తీసుకుంటారో వాళ్ళు అందులో సంతకం చెయ్యాలి, లేదంటే సెలవు లేదు. ఆ మార్కుల ఫైలు చంకలో పెట్టుకుని, చీటీ పట్టుకుని బయలుదేరాను. నాకు ఇరవైకి ఇరవై వేసినాయనకు ఆ రోజే బీపీ పెరిగింది. కేకులు కోయించే ఆయన అప్పుడే ఫోనులో మునిగాడు. పిక్నిక్‌లు నడిపే అన్న నా భుజం మీద చెయ్యి వేసి, “నీ కోసం పానమిస్త గని తమ్మీ, ఫస్ట్ అవర్ మాత్రం అడగకు” అన్నాడు. మూలన పేపర్లు దిద్దుకుంటున్న లెక్కల మేడం దగ్గర ఆగాలని నాకు లేదు. ఆవిడే చెయ్యి చాపి చీటీ తీసుకుని, నా ముఖంలోకీ ఫైలు వైపూ ఒకసారి చూసి, సంతకం పెట్టారు. ఎందుకు సెలవని అడిగింది ఆ తరవాతే. చెప్పాను.

“తెల్లంగి ఏసుకొని పో, మంచిగుంటది” అన్నారు.

చీటీ ఇవ్వడానికి ఆఫీసుకి వెళ్తే, అక్కడి గుమాస్తా సెలవు చీటీల కట్ట నా ముందు పడేసి, అందులో గుచ్చి పొమ్మన్నాడు. తిరగేస్తే దాదాపు ప్రతి చీటీ అడుగునా అదే వాలు సంతకం. పెళ్ళిళ్ళకు వెళ్ళినా, దవాఖానకు వెళ్ళినా, ఇల్లు మారినా ఆవిడే. నావే ఐదున్నాయి, మార్కులు వేసేటప్పుడు ఒక్కటీ గుర్తురాలేదు. నిజం చెప్తున్నాను, సిగ్గుతో చచ్చిపోయాను. గుమాస్తాని బతిమాలి ఆ కట్ట తీసుకుని, మార్కుల ఫైలుతో పాటు డీన్ గారి ముందు పెట్టి, నా ఫారం తప్పని చెప్పాను. “ఫారం మీదే, మార్కులూ మీవే, తప్పంటున్నదీ మీరేనా?” అన్నారాయన. అవునండీ అన్నాను. చాలాసేపు చీటీలు తిరగేసి, మేడం కాంట్రాక్టు కొనసాగించారు. అంతటితో ఊరుకుంటే ఆయన డీన్ ఎందుకవుతారు? సంతకాలకూ మార్కులు పెట్టారు. ఇక చూడాలి, సెలవడిగినవాడి చీటీ కోసం స్టాఫ్‌రూంలో తోపులాట. క్లాసులో నిలబడి ఫొటో తీసుకుని గ్రూపులో పెట్టేవారు. ఆ ఏడాదంతా మేడంకి ఒక్క సంతకం పెట్టే అవకాశం దక్కలేదు. “జర ఆరామ్‌గుంది” అన్నారావిడ.

కూకట్‌పల్లి సంబంధం కుదరలేదు (అంగీ తెల్లదే). మేడం రిటైరైన రోజున ధైర్యం చేసి, అప్పట్లో మీకు రెండు వేసింది నేనేనని చెప్పాను.

“ఎర్కే తమ్మీ. గా దినం చంకల ఫైలు పెట్టుకొని నిలవడ్డవు గద, పైన నా మార్కుల కాయితమే, నా దిక్కే ఉండె.”

మరి సంతకం ఎందుకు పెట్టారని అడిగాను. ఆవిడకు నా ప్రశ్న అర్థం కానట్టే ఉంది. “నువ్వు పోవాలె గద?” అన్నారు.

ఇప్పుడు నేనూ సీనియర్నే. కుర్రవాళ్ళు చీటీ పట్టుకొస్తే సంతకం పెడతాను, కారణం కూడా అడగను. కానీ పెన్ను తీసేముందు, ఆ గంటలో నాకేం పనుందోనని నా కళ్ళు ఒక్క క్షణం గోడ మీది టైంటేబుల్ వైపు వెళ్తాయి. ఆవిడ కళ్ళు ఆ రోజు అటు వెళ్ళలేదు. అది గుర్తొచ్చి నవ్వుకుని, నాకు నేను రెండు మార్కులు వేసుకుంటాను.