కమలక్క తొమ్మిదేళ్ల వాయిదాలు

మేడ మీద అద్దెకున్నవాళ్లు పొద్దుటి నుంచి ఠేఠరి వేయిస్తున్నట్టున్నారు. శనగపిండిలో వాము కలిసి నూనెలో కాగే ఆ వాసన మెట్లు దిగి మా వంటింట్లోకి వచ్చేసింది. భాద్రపదంలో రాయపూర్‌లో ఏ వీధికి వెళ్లినా ఇదే వాసన. తీజా పండగకి పెళ్లయిన ఆడపిల్లలంతా పుట్టింటికి వస్తారు, భర్త బాగుండాలని పచ్చి మంచినీళ్లు కూడా ముట్టకుండా ఉపవాసం ఉంటారు. ఈ వాసన తగిలితే చాలు, నాకు మా రైల్వే క్వార్టర్ల వెనక వీధి గుర్తొస్తుంది.

మా నాన్న పార్సిల్ ఆఫీసులో గుమస్తా. మా వరసలో ఉన్న ఎనిమిది క్వార్టర్లలో ఐదు మనవాళ్లవే, పార్వతీపురం, బొబ్బిలి, సాలూరు వైపు నుంచి వచ్చినవాళ్లవి. అందుకని ఇంట్లో ఆ యాసలోనే మాట్లాడుకుని, గుమ్మం దాటగానే హిందీలో పోట్లాడుకునేవాళ్లం. ఆరేసిన బట్టల మీద ఇంజన్ల బొగ్గునుసి, వానకి తడిసిన కుంపట్ల పొగ, చూరు కింద నిలబడి పెంకుముక్కలు ఒకదాని మీద ఒకటి పేర్చి బంతితో కొట్టే ఆట, ఎండాకాలమైతే సుకవారా కొంగున మూటగట్టి తెచ్చే తునికిపళ్లు, ఇవే మా లోకం. సుకవారా మా ఇంట్లో అంట్లు తోమేది. ధర్సీవా దగ్గరి పల్లె వాళ్లది. మా అమ్మ చద్దన్నం, ఆమె బాసీ ఒకటేనని తెలిసిన రోజు నుంచి ఇద్దరికీ స్నేహం కుదిరింది.

ఒకరోజు సుకవారా బూడిదతో గిన్నెలు రుద్దుతూ, ఇప్పుడున్న భర్త తనకి రెండోవాడని మామూలుగా చెప్పేసింది. "మొదటివాడు తాగి కొట్టేవాడు. మన్ నై మిలిస్, బాయి," అంది, మనసు కలవలేదని. తీజాకి పుట్టింటికి వచ్చి మళ్లీ వెళ్లలేదట. తరవాత ఇతను చూడీలు తొడిగాడట.

బియ్యంలో రాళ్లు ఏరుతున్న అమ్మ చెయ్యి ఆగిపోయింది. "ఏటీ, గాజులు తొడిగేస్తే మొగుడు మారిపోతాడేటి? మరి కోర్టు, కాయితాలు?"

"ఊరి పెద్దలు కూర్చున్నారు. అందరికీ అన్నం పెట్టాం. అంతే, బాయి."

ఆ సాయంత్రం కుళాయి దగ్గర అమ్మ అందరితోనూ అంది, ఈళ్లకి పెళ్లంటే లెక్కే లేదమ్మా అని.

ఆ ఏడే మా పక్క క్వార్టర్‌కి కమలక్క ఒక ట్రంకుపెట్టెతో తిరిగి వచ్చింది. కమలక్క గార్డు సూర్యనారాయణ పెదనాన్న కూతురు. మాకు జడలు వేసి, రుమాళ్ల మీద చిలకలు కుట్టడం నేర్పిన మనిషి. బొబ్బిలి సంబంధం చేశారు. రెండేళ్ల కాపురం తరవాత తేలిందేమిటంటే, అతనికి ముందు నుంచే వేరే ఇల్లు ఉంది. అడిగితే, ఉంటే ఉండు, పోతే పో అన్నాడు. అలాగని విడాకులకీ ఒప్పుకోలేదు. ఆ రోజుల చట్టం ప్రకారం దావా అక్కడే వెయ్యాలి కాబట్టి, వాయిదా పడినప్పుడల్లా కమలక్క ఫ్యామిలీ పాసు పట్టుకుని విజయనగరం పాసింజరెక్కేది.

నాకు పన్నెండేళ్లప్పుడు, వేసవి సెలవులకి మా అమ్మమ్మ ఊరికి వెళ్తూ నేనూ ఒకసారి కమలక్కతో ఎక్కాను. పులిహోర పొట్లాలు, మరచెంబులో నీళ్లు, అడవుల మధ్య ఆగుతూ ఆగుతూ పోయే బండి. కోర్టు వరండాలో మధ్యాహ్నం దాకా నిలబడ్డాం. అతను రాలేదు, జ్వరమని అతని ప్లీడరు చెప్పాడు. జడ్జిగారు పెద్దాయన, మంచివాడిలాగే ఉన్నాడు. "చదువుకున్నదానివి, సంసారం అన్నాక సర్దుకుపోవాలమ్మా. ఇంకోసారి ఆలోచించుకో," అన్నాడు. "ఆలోచించుకునే వచ్చానండి," అంది కమలక్క. మూడు నెలలకి వాయిదా వేశారు. స్టేషన్‌కి నడుస్తూ నా చెయ్యి పట్టుకుని, "రాజీ, ఈ లైన్లో స్టేషన్లన్నీ నాకు ఎక్కాల్లా వచ్చేశాయే," అని నవ్వింది. నేనూ నవ్వాను. అందులో నవ్వడానికేమీ లేదని నాకు చాలా ఏళ్ల తరవాత గానీ తెలీలేదు.

తరవాత బడిలో లెక్కల టీచరుగా చేరింది. ప్రతి కాయితంలోనూ భర్త పేరు అన్న చోట అతని పేరే రాయాల్సి వచ్చేది. అదే బడిలో పనిచేసే ఒక మాస్టారు, నెమ్మదైన మనిషి, ఆమెని చేసుకుంటానని ఇంటికొచ్చి అడిగాడు. నాలుగేళ్లు ఆగాడు కూడా. ఐదో ఏడు వాళ్ల అమ్మ మంచాన పడితే, ఆవిడ మాట కాదనలేక వేరే పెళ్లి చేసుకున్నాడు. కమలక్క ఆ పెళ్లికి వెళ్లి భోజనం చేసి వచ్చింది.

ఒక తీజాకి ముందురోజు సుకవారా మోదుగాకుల దొన్నెలో ఠేఠరి, బెల్లం వేసిన ఖుర్మీ తెచ్చింది. కమలక్క మా ఇంట్లోనే ఉంది. "నీది ఒక్కపూటలో తేలిపోయింది, సుకవారా. అదృష్టవంతురాలివి," అంది.

సుకవారా అలాగే నేల మీద కూలబడింది. "లేదు బేటీ. నా లైకా అక్కడే ఉండిపోయాడు. కొడుకు తండ్రి ఇంటివాడని పెద్దలు చెప్పారు. ధర్సీవా సంతలో కనిపిస్తాడు, ఇంతెత్తయ్యాడు. నన్ను చూస్తాడు గానీ, ఎవరో పోల్చుకోడు."

అమ్మ పొయ్యి మీది అన్నం దింపి ముగ్గురికీ వడ్డించింది. ఉపవాసం రేపు తెల్లారి నుంచే కదా అని సుకవారాని కూర్చోబెట్టి మరీ తినిపించింది. పెళ్లంటే లెక్క లేదన్న మాట మళ్లీ అమ్మ నోట నేను వినలేదు.

తొమ్మిదో ఏట తీర్పు వచ్చింది. అప్పటికి నేను కాలేజీలో ఉన్నాను. కమలక్క స్టేషన్ నుంచి ఒక్కతే రిక్షాలో వచ్చి, మా గుమ్మంలో నిలబడి, "అయిపోయింది, పిన్నీ," అంది. అమ్మ మజ్జిగ ఇచ్చింది. పెదనాన్న తెల్ల యూనిఫాం వేసుకుని, చంకలో జెండాలతో డ్యూటీకి బయల్దేరుతున్నాడు. కూతురు ఎదురుపడేసరికి ఆగిపోయాడు. "ఆ సంబంధం నానే సూసి చేసినాను, తల్లీ," అన్నాడు. తొమ్మిదేళ్లలో ఆ మాట అనడం అదే మొదటిసారి. కమలక్క ఆయన చంకలోంచి జారుతున్న జెండా సర్ది, "బండి వేళయింది, వెళ్లి రండి నాన్నా," అంది. ఆయన మలుపు తిరిగేదాకా నిలబడి, అప్పుడు ఏడ్చింది.

ఇప్పుడు ఆ క్వార్టర్లు లేవు, కొట్టేసి మేడలు కట్టారు. ఆవిరి బళ్లు పోయాయి, బొగ్గునుసీ పోయింది. కుళాయి దగ్గర అందరి సంసారాలూ అందరికీ తెలిసే ఆ గుంపూ లేదు. సుకవారా పోయిన కబురు కూడా ఆలస్యంగా తెలిసింది. కొడుకు ఎప్పటికైనా గుర్తుపట్టాడో లేదో చెప్పేవాళ్లు లేరు.

పోయిన ఆదివారం మా తమ్ముడు వచ్చాడు. కమలక్క కూడా మా ఇంట్లోనే ఉంది, బఠాణీలు ఒలుస్తోంది. తనతో పనిచేసే ఒకాయన కూతురికి పెళ్లయిన మూడేళ్లకే విడాకులు వచ్చేశాయని చెప్పి, "మరీ సులువైపోయిందే, సంతకాలు పెట్టి లేచి వచ్చేస్తన్నారు," అన్నాడు వాడు.

"నాకు తొమ్మిదేళ్లు పట్టింది కదరా," అంది కమలక్క తల ఎత్తకుండా. "అందుకని నా కాపురం నిలబడిందేటి?"

తమ్ముడు ఒక బఠాణీ కాయ తీసుకుని ఒలవసాగాడు.

"ఆ గుంట ఇప్పుడేటి సేస్తంది?" అడిగింది కమలక్క.

"బ్యాంకు పరీక్షలకి చదువుతోందట. లెక్కలే రావటం లేదని వాళ్ల నాన్న బాధ."

కమలక్క ఒలిచిన గింజలు గిన్నెలోకి దులిపింది. "రేపట్నించి సాయంత్రాలు నా దగ్గరికి పంపమను," అంది.