డీజిల్ తిన్న మన్ను

తెలంగాణ వచ్చిన రెండో ఏడో, మూడో ఏడో. వానాకాలం మొదట్లో ఒకరోజు మా అత్తమ్మ పెరడును నా చేతులతో నేనే పాడుచేశాను.

మా అత్తవారి ఊరు కేతేపల్లి దగ్గర. ఇంటి వెనక పెరడు, ఆ పెరటి వాలు దిగితే మూడిళ్లవాళ్లం తోడుకునే చేదబావి. వంకాయ, బీర, చిక్కుడు, గోంగూర, ఏ కాలానికి ఏది కావాలో అది అత్తమ్మ ఆ పెరట్లో పండించేది. మేము సంతకు పోయి కూరగాయలు కొన్న రోజులు తక్కువ. పెరటి మూలన, దిమ్మె మీద, ట్రాక్టర్ కోసం డీజిల్ డ్రమ్ము పడుకోబెట్టి ఉండేది. దానికొక నల్లా.

ఆ పొద్దున అత్తమ్మ పానగల్‌లో ఉన్న చెల్లెలింటికి పోయింది. దున్నుతుండగా డీజిల్ అయిపోయిందని మా ఆయన ఫోన్ చేశాడు. నేను క్యాన్ నింపి, పొలానికి పోతున్న మనిషి చేత పంపించి, వంటలో పడ్డాను. రెండు గంటల తర్వాత పోపు వాసనను మించి ఇంకేదో వాసన ముక్కుకు తగిలింది. వెనక్కి పరుగెత్తాను. నల్లా సగమే తిరిగి ఉంది. సన్నటి దారంలా డీజిల్ కారుతూనే ఉంది. వంగ మడి అంతా నల్లబడింది. ఆ తడి వాలు వెంట బావి వైపు సాగుతోంది. మాది చెల్క నేల, ఏది పోసినా గుటుక్కున మింగేస్తుంది.

నల్లా కట్టేశాను. కాసేపటికే ఆటో దిగిన అత్తమ్మ లోపలికి వస్తూనే ముక్కు ఎగబీల్చింది.

"అత్తమ్మా, నల్లా సరిగ బంద్ చెయ్యలే. తప్పు నాదే."

ఆమె నా మొహం చూడలేదు. ఆకాశం చూసింది.

"గా ముచ్చట తర్వాత. మొగులైతాంది. వాన కొట్టిందంటే గిదంత బాయిల పడ్తది. ముందుగాల పొయ్యి ఆర్పు, పార తే."

కొంగు నడుముకు చుట్టి బావికి ఇవతల తానే మొదటి గుంట తవ్వింది. నేను అడ్డంగా కాలువ తీశాను, తీసిన మట్టితో ఆమె కట్ట వేసింది. చప్పుడు విని పక్కింటి గొర్ల కాపరి వచ్చాడు. వరసకు నాకు మామ. ఒక్క మాట అడగకుండా వెనక్కి పోయి, ఇంట్లో ఉన్న వరి ఊక బస్తాలు మోసుకొచ్చి కాలువలో గుమ్మరించాడు. ఊక డీజిల్‌ను పీల్చుకొని గోధుమ రంగుకు తిరుగుతుంటే ముగ్గురం తడిసిన మన్ను మోకాటిలోతు తవ్వాం. ఇంటి పక్కన పరుపుబండ ఉంది. దాని మీద తాటిపత్రి, అదే టార్పాలిన్ పట్టా, పరిచి, గంపలతో ఆ మన్నంతా మోసి కుప్ప పోశాం. అప్పటికి మా ఆయన కూడా వచ్చి గంప అందుకున్నాడు. కుప్ప మీద ఇంకో తాటిపత్రి కప్పి రాళ్లు పెడుతుండగానే చినుకులు మొదలయ్యాయి.

మర్నాడు అత్తమ్మ బావిలోంచి చేద తోడి, నీళ్లు ఇత్తడి తాంబాళంలో పోసి ఎండకు పట్టి చూసింది. రంగుల తెట్టె లేదు. వాసన చూసింది. ఏమీ లేదు. అయినా నెల రోజులు మూడిళ్లవాళ్లం ఆ నీళ్లు నోట్లో పోసుకోలేదు. ఆమె మాత్రం రోజూ తోడి చూసేది. వంగ చెట్లు మాత్రం వారంలోనే ఆకు రాల్చి నిలువునా ఎండిపోయాయి. ఆ మోడులు పీకుతున్నప్పుడు కూడా ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. అంటేనే నయమనిపించింది.

కుప్పను ఏం చేయాలి? ట్రాలీలో వేసి వాగులో పారబోస్తానన్నాడు మా ఆయన.

"వద్దు బిడ్డా," అన్నాడు మామ. "నార్కట్‌పల్లి తొవ్వల ఓసారి ట్యాంకర్ బోర్ల పడ్డది. గడ్డి అంత మాడిపోయింది. మా మంద కూసున్న జాగల మాత్రం మల్లేడు పచ్చగ మొలిచింది. గొర్ల పెంట గలుపుర్రి. జర తడుపుకుంట, తిరగేసుకుంట ఉండుర్రి."

"పెంట డీజిల్ తింటదా మామా?" అని అడిగాను.

"ఏం తింటదో నాకెర్కలే. గడ్డి మొలిచింది మాత్రం నా కండ్లతోని సూసిన."

పెంట ఆయనే ఇచ్చాడు. ప్రతి ఆదివారం అత్తమ్మా నేనూ కుప్పను తిరగేసేవాళ్లం. ఊరికి వచ్చిన వ్యవసాయ అధికారిని అడిగితే, కంటికి కనబడని జీవాలు మట్టిలో ఉంటాయని, వాటికి గాలీ తడీ అందితే నూనెను మెల్లగా తినేస్తాయని చెప్పాడు. విన్నాను గానీ నమ్మకం కుదరలేదు.

చలికాలంలో ఒక పొద్దున తాటిపత్రి తీశాను. కుప్పలోంచి ఆవిరి లేచింది. పార పక్కన పెట్టి మోచేతి దాకా చెయ్యి లోపలికి పెట్టాను. వెచ్చగా ఉంది. వేడినీళ్ల కాగును ముట్టుకున్నంత వెచ్చగా. బయట వేళ్లు కొంకర్లు పోయే చలి, లోపల ఎవరో పొయ్యి రాజేసినట్టు! నేను చచ్చిపోయిందనుకున్న మన్ను ఇన్నాళ్లూ కప్పు కింద తన పని తాను చేసుకుంటూనే ఉంది. అత్తమ్మను పిలిచాను. ఆమె కూడా చెయ్యి పెట్టి, చాలాసేపు తీయలేదు.

"పానమున్నది బిడ్డా దీనికి," అంది చిన్నగా. ఇద్దరం చెప్పులు విప్పేసి ఉన్నామని తర్వాత గమనించాను. ఎప్పుడు విప్పామో ఇద్దరికీ గుర్తులేదు.

ఎండాకాలానికి వాసన దాదాపు పోయింది. కుండలో కొంత మన్ను పోసి జొన్నలు వేశాను. మొలిచాయి, నాలుగు రోజులకు పసుపుపచ్చగా వాలిపోయాయి. ఏడుపొచ్చింది. "ఇంకా తింటాంది, తిననియ్యి," అంది అత్తమ్మ. మళ్లీ పెంట కలిపి మరో రెండు నెలలు తిరగేశాం. ఈసారి మొలకలు, పోల్చి చూద్దామని పక్క కుండలో మంచి మట్టిలో వేసిన వాటితో సమానంగా ఎదిగాయి.

మన్నును తిరిగి పెరట్లో పోశాం. డ్రమ్మును అంతకుముందే సిమెంటు తొట్టిలోకి మార్చాడు మా ఆయన. మొదటి ఏడు నోట్లో పెట్టుకునేవి ఏవీ వద్దని అత్తమ్మ బంతి నారు పోసింది. ఆ పూలు మా వాడలో అందరి బతుకమ్మల్లోకీ పోయాయి.

ఆ తర్వాతి ఏడు, చిక్కుడు గింజలు పెట్టడానికి గుంట తీస్తూ అత్తమ్మ ఒక్కసారిగా కేకేసింది. పాము కరిచిందేమోనని పరుగెత్తాను. ఆమె అరచేతిలో, తడి మన్ను మధ్య, ఒక వానపాము మెలికలు తిరుగుతోంది.

"సూడు, సూడు. ఎవలు పిలిచిన్రు దీన్ని?"

ఇద్దరం అక్కడే గొంతుక్కూచుని, అది వేళ్ల సందులోంచి జారి మట్టిలోకి దూరేదాకా చూస్తూ ఉండిపోయాం.